విశాఖ తీరంలో సర్ఫింగ్: గాలిని బట్టి రోజు నడుపుకోవడం ఎలా

రుషికొండలో నాలుగు క్లాసులు అయ్యి, తెల్లనురుగులో బోర్డు మీద నిలబడటం వచ్చేసినవాళ్ళ కోసం ఇది. అక్కడి నుంచి సర్ఫింగ్ రోజువారీ అలవాటు కావాలంటే, బోర్డు మీద విన్యాసాల కన్నా ముందు గాలి లెక్క రావాలి. విశాఖలో అలలు లేక పాడయ్యే పొద్దుల కన్నా గాలికి పాడయ్యేవే ఎక్కువ. యారాడ నుంచి భీమిలి దాకా తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. సముద్రం ఆగ్నేయాన, కొండలు వాయవ్యాన. ఈ దిక్కులు కంఠతా ఉండాలి, ఎందుకంటే కింద చెప్పేదంతా వీటి మీదే ఆధారపడింది.

ముందు రాత్రి చూడాల్సిన లెక్కలు

గాలి దిక్కు, వేగం, స్వెల్ (దూరంగా గాలికి పుట్టి ఇక్కడిదాకా వచ్చే అలలు) ఎత్తు, స్వెల్ పీరియడ్, పోటు పాటు వేళలు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ మత్స్యకారుల కోసం ఇచ్చే సముద్ర స్థితి సమాచారంలో అల ఎత్తు, స్వెల్, గాలి అన్నీ ఉంటాయి. విండీ లాంటి యాప్‌లో గంటగంటకూ గాలి ఎలా మారుతుందో చూసుకోవచ్చు. రెండూ కలిపి చూడండి. యాప్ చెప్పే గాలి వేగం కొండల పక్కన సరిగ్గా కుదరదు, కైలాసగిరి కింద ఒకలా, సాగర్‌నగర్ దగ్గర మరోలా ఉంటుంది.

కొత్తవాళ్ళు ఎత్తు ఒక్కటే చూసి మోసపోతారు. అసలు సంగతి పీరియడ్‌లో ఉంది, అంటే ఒక అల శిఖరానికీ తర్వాతి అల శిఖరానికీ మధ్య ఎన్ని సెకన్లు అన్నది. బంగాళాఖాతంలోనే గాలికి లేచిన అలలకు ఇది 5 నుంచి 8 సెకన్లు ఉంటుంది. దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫానుగాలులకు పుట్టి ఇక్కడిదాకా వచ్చే స్వెల్‌కు 12 పైన, ఒక్కోసారి 15, 16 కూడా ఉంటుంది. మీటరు ఎత్తు, 7 సెకన్లు అని ఉంటే నీళ్ళు కెలికినట్టు ఉంటాయి, ఒక్క అలకూ ముఖం, అంటే బోర్డు జారే ముందు వాలు, ఉండదు. అదే మీటరు, 14 సెకన్లు అని ఉంటే లోతు తగ్గేకొద్దీ అల లేచి నిలబడుతుంది, బలం కూడా ఎక్కువ. 15 సెకన్ల స్వెల్ గుంపు గంటకు సుమారు 42 కిలోమీటర్ల చొప్పున, రోజుకు వెయ్యి కిలోమీటర్లు నడుస్తుంది. దాన్ని పుట్టించిన గాలి మనకు అయిదారు రోజుల అవతలే ఆగిపోయి ఉంటుంది. ఎండ కాస్తూ ఆకు కదలని రోజున కూడా ఒడ్డున అలలు ఉద్ధృతంగా ఉండటానికి కారణం ఇదే. అలాంటి రోజున ఆకాశాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకూడదు.

పోటు పాటుల తేడా విశాఖలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో దాదాపు మీటరున్నర దాకా ఉంటుంది, మధ్య రోజుల్లో చాలా తక్కువ. ఆరు గంటల పైచిలుకుకోసారి మారుతూ, రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. నిండు పోటు మీద అలలు ఏటవాలు ఇసుక దగ్గరికి వచ్చి ఒక్కసారే కూలతాయి. బాగా పాటు మీద మునిగి ఉండే రాళ్ళు పైకి తేలతాయి. చాలాచోట్ల పనికొచ్చేది పాటు అయిపోయి పోటు సగం ఎక్కేదాకా ఉండే రెండు మూడు గంటలు. ఆ వేళ తెల్లవారుజాముతో కలిసిన వారం వస్తే ఇంకే పనీ పెట్టుకోవద్దు.

తెల్లవారుజామే ఎందుకంటే, రాత్రి నేల చల్లబడి గాలి కొండల వైపు నుంచి సముద్రం మీదికి వీస్తుంది. అది అల ముఖాన్ని నిలబెట్టి నునుపు చేస్తుంది. పొద్దెక్కి నేల వేడెక్కాక గాలి తిరగబడి సముద్రం నుంచి ఒడ్డుకు కొడుతుంది, అలలు చిందరవందరైపోతాయి. ఎండాకాలంలో పదిగంటలకే ఈ తిరుగుడు మొదలవుతుంది. విశాఖలో సూర్యోదయం జూన్‌లో 5:20 ప్రాంతంలో, జనవరిలో 6:30 ప్రాంతంలో. అరగంట ముందే ఒడ్డున ఉంటే నీళ్ళలోకి దిగేసరికి వెలుతురు వస్తుంది. చీకట్లో దిగొద్దు, వలలు కనపడవు.

ఏ కాలానికి ఏ ఒడ్డు

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి తీరం వెంబడే, పక్క నుంచి కొడుతుంది. రాత్రి మబ్బు పట్టి ఉంటే నేల చల్లబడదు కాబట్టి తెల్లవారుజాము నేలగాలి కూడా అంతంతమాత్రమే. స్వెల్ మాత్రం ఏడాది మొత్తంలో ఇప్పుడే బలంగా ఉంటుంది. ఈ నెలల్లో ముందుకు పొడుచుకొచ్చిన కొండకు ఈశాన్యం పక్కనున్న చిన్న ఒడ్డులు వెతుక్కోవాలి, కొండ గాలికి అడ్డం పడుతుంది. అల కాస్త చిన్నదవుతుంది, కానీ శుభ్రంగా ఉంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలి ఈశాన్యం నుంచి కాబట్టి ఈ లెక్క తిరగబడుతుంది. అప్పుడు యారాడ వైపు డాల్ఫిన్స్ నోస్ కొండే అడ్డం. అలలు చిన్నవి, తెల్లవారుజాములు నిదానం, నేర్చుకునేవాళ్ళకు ఇదే మంచి కాలం. మార్చి, ఏప్రిల్ నెలల్లో పొద్దున గాలి తక్కువ, దక్షిణం నుంచి స్వెల్ అప్పుడప్పుడే మొదలవుతుంది. రెండూ కలిసొచ్చే ఈ నెలలే అన్నిటికన్నా మేలు.

అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య తుఫాన్ల సంగతి వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ తీరాన్ని ఏం చేసిందో ఊరంతటికీ తెలుసు. పోర్టులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేసినా సరే, ఆ రోజు బోర్డు ఇంట్లోనే ఉండాలి. తుఫాను దాటిపోయిన రెండోరోజు గాలి సద్దుమణిగి అలలు నున్నగా కనిపిస్తాయి. నీళ్ళలో మాత్రం విరిగిన కొమ్మలు, దుంగలు, తెగిన వలలు తేలుతుంటాయి, వాటి మీద పడితే ఎముకలు విరుగుతాయి.

మామూలు వానకీ ఒక నియమం ఉంది. కుండపోత పడ్డాక ఊళ్ళోని గెడ్డలన్నీ, అంటే వాగులన్నీ, మురుగు తెచ్చి సముద్రంలో కలుపుతాయి. గెడ్డ కలిసేచోటికి దూరంగా ఉండటమే కాదు, రెండు మూడు రోజులు ఆ ఒడ్డుకే వెళ్ళకపోవడం మంచిది. చెవిపోటు, కడుపులో తిప్పడం, మానని పుళ్ళు చాలావరకు ఈ నీళ్ళవల్లే.

ఒడ్డున పావుగంట

బోర్డు దించగానే నీళ్ళలోకి పరుగెత్తకండి. పావుగంట, ఇరవై నిమిషాలు నిలబడి చూడండి. అలలు గుంపులుగా వస్తాయి, మూడు నుంచి ఏడు దాకా పెద్దవి, ఆ తర్వాత కాసేపు విరామం. ఆ విరామం ఎంతసేపో గడియారం పెట్టి చూస్తే లోపలికి ఎప్పుడు వెళ్ళాలో తెలుస్తుంది. అల విరిగే చోట నీటి లోతు సుమారుగా అల ఎత్తుకు 1.3 రెట్లు ఉంటుంది. నడుమెత్తు అల విరుగుతోందంటే అక్కడ నీళ్ళు ఛాతీ దాకానే ఉంటాయి. కాబట్టి బోర్డు మీంచి తలకిందులుగా దూకడం ఎప్పుడూ వద్దు. వెల్లకిలా, లేదా పిరుదుల మీద, వెడల్పుగా పడండి. పైకి తేలేటప్పుడు రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకోండి, కాలికి కట్టిన తాడు వెనక్కి లాగి బోర్డు వచ్చి తగిలేది అప్పుడే.

రిప్ కరెంట్ (ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగే ప్రవాహం) ఎక్కడుందో కూడా ఈ పావుగంటలోనే తేల్చుకోవాలి. అటూ ఇటూ అలలు విరుగుతూ మధ్యలో ఒక పట్టీ మాత్రం విరగకుండా, ముదురు రంగులో లేదా ఇసుక కలిసి మట్టిరంగులో ఉంటే, నురుగు అక్కణ్ణుంచి సముద్రంలోకి పోతుంటే, అదే రిప్. మామూలు జనం స్నానానికి ప్రశాంతంగా ఉందని ఎంచుకునేది సరిగ్గా ఈ చోటునే, ఆర్.కె. బీచ్‌లో ప్రాణాలు పోయేదీ ఇందుకే. అక్కడ డ్రెడ్జర్ ఇసుక పోసిన తర్వాత అడుగు అమరిక మారిపోతుంది, కిందటి నెల తెలిసిన చోటు ఈ నెల పనికిరాదు. రాతి కొండల పక్కనా రిప్ దాదాపు ఎప్పుడూ ఉంటుంది, ఎందుకంటే ఒడ్డు వెంబడి వచ్చే నీరు రాయి తగిలి తిరిగి సముద్రంలోకే పోవాలి. అలవాటైనవాళ్ళు దాన్నే ఆసరా చేసుకుని చేతులు నొప్పి పుట్టకుండా అలల వెనక్కి వెళ్తారు. అలవాటు లేనివాళ్ళు దానికి యాభై అడుగుల ఇవతలే దిగాలి.

రిప్‌లో పడితే బోర్డు వదలొద్దు, తాడు విప్పొద్దు. ఎదురీదకుండా ఒడ్డుకు సమాంతరంగా ముప్పై, యాభై మీటర్లు చేతులతో తోసుకుని, తెల్లనురుగు కనిపించే చోటుకు చేరి, దాంతోపాటే ఒడ్డుకు రండి. తాడు విప్పాల్సిన సందర్భం ఒక్కటే: వలకో రాతి సందుకో చిక్కుకుని నీళ్ళ కింద పట్టేస్తే. చీలమండ పట్టీ మీద లాగే నాడా ఉంటుంది, కళ్ళు మూసుకుని ఒక్క చేత్తో దాన్ని తెరవడం ఇంట్లోనే సాధన చేసి ఉంచుకోండి.

జాలరుల వల లాగుతుంటే ఆ రెండు తాళ్ళ మధ్యకు అస్సలు వెళ్ళకూడదు. అలివి వల తీరం నుంచి చాలా దూరం చుట్టి ఉంటుంది, తాడు నీటి మట్టానికి కింద కనపడదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధమే కానీ, తెప్పలు ఆ రోజుల్లోనూ వెళ్తుంటాయి. జోడుగుళ్ళపాలెం, మంగమారిపేట లాంటి ఊళ్ళ ఒడ్డుకు వెళ్తే ముందు వల బాగుచేసుకుంటున్న పెద్దాయన దగ్గర ఆగి, “బాబాయ్, ఇవాళ నీరు ఎటు లాగుతోంది?” అని అడగండి. ఏ యాప్‌లోనూ దొరకని జవాబు వస్తుంది. తెప్ప ఒడ్డుకు వస్తుంటే అల మీకే దక్కినా వదిలేయాలి, అది వాళ్ళ పని వేళ.

నీళ్ళలో గాలితో

ఒడ్డున మోసుకెళ్ళేటప్పుడు బోర్డు గాలికి ఎదురు కాని పక్క చంకలో పెట్టుకోండి, ముక్కు గాలి వైపు. తెరచాపలా గాలిని అడ్డుకుంటే భుజం మెలితిరుగుతుంది, లేదా పక్కవాళ్ళ మొహానికి తగులుతుంది. ఇసుకలో ఉంచాల్సి వస్తే ఫిన్లు (బోర్డు అడుగున ఉండే రెక్కలు) పైకి ఉండేలా తిరగేసి తోక మీద రెండు దోసిళ్ళ ఇసుక పోయండి.

పక్కగాలి రోజున మీకు తెలియకుండానే కొట్టుకుపోతారు. ఒడ్డున రెండు గుర్తులు పెట్టుకోండి, ముందు ఒక స్తంభం, వెనక కొండ మీద ఒక భవనం. రెండూ ఒకే గీతలో ఉంటే మీరు కదల్లేదు. గీత తప్పినప్పుడల్లా చేతులతో తోసుకుని మళ్ళీ గీతలోకి రండి. ఇరవై నిమిషాలు చూడకపోతే రాళ్ళ మీద తేలతారు.

నేలగాలి ఎదురుగా వీస్తున్నప్పుడు అల మిమ్మల్ని తీసుకుపోతున్నట్టే ఉండి ఆగిపోతుంది. గాలి బోర్డు ముక్కు కిందికి దూరి పైకి లేపడమే కారణం. గడ్డం బోర్డుకు ఆనించి, అల ఎత్తినట్టు అనిపించాక కూడా ఇంకో రెండు బలమైన చేతులు వేసి అప్పుడు లేవండి. ముఖాన తుంపర కొట్టి ఒక్క క్షణం కళ్ళు కనపడవు, ఆ క్షణంలో లేస్తే పడటం ఖాయం. సముద్రపు గాలి వెనక నుంచి తోస్తుంటే దీనికి విరుద్ధం, అల తొందరగా విరుగుతుంది కాబట్టి తొందరగా లేవాలి.

గాలి గంటకు 10 కిలోమీటర్ల లోపు అయితే ఏ దిక్కైనా పరవాలేదు. 25 దాటి ఒడ్డుకు కొడుతుంటే ఆ పూటకు వదిలేయండి. చేతుల సత్తువంతా ఊరికే పోతుంది, నేర్చుకునేదేమీ ఉండదు. గంటన్నర చాలు. భుజాలు అలిశాక ఒడ్డుకు చేరడానికి కావాల్సిన ఓపికే ముందు పోతుంది. బయటికి రావడం ఎప్పుడూ ఇసుక మీదికే. ఆల్చిప్పలు కరుచుకున్న రాయి ఒక్కసారి కాలికి తగిలితే రెండు వారాలు నీళ్ళకు దూరమే.

జెల్లీఫిష్ తగిలితే రుద్దొద్దు, మంచినీళ్ళు పోయొద్దు. సముద్రపు నీళ్ళతోనే కడిగి, అంటుకున్న పోగులు పట్టకారుతో తీసి, ఆ భాగాన్ని ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో, 45 డిగ్రీలు దాటకుండా, ఇరవై నిమిషాలు ఉంచండి. ఊపిరి ఆడకపోయినా, మొహం వాచినా 108. నీళ్ళలో ఎవరైనా కొట్టుకుపోతుంటే 112, కోస్ట్ గార్డ్ 1554. ఒంటరిగా దిగకపోవడం వీటన్నిటికన్నా తేలిక.

బోర్డు, మైనం, ఉప్పు

మొదటి బోర్డు 8 అడుగుల స్పాంజి పైపొర ఉన్నది తీసుకోండి. లీటర్లలో చూస్తే మీ బరువు కిలోల అంకె కన్నా తక్కువ ఉండకూడదు. కాలితాడు బోర్డు పొడవంత, వెనక కాలి చీలమండకు.

కాళ్ళు జారకుండా బోర్డు మీద రుద్దే మైనం ట్రాపికల్ రకమే తెప్పించుకోండి, చల్లటి నీళ్ళ కోసం చేసింది ఇక్కడి ఎండకు నూనెలా కరిగి జారుతుంది. కొవ్వొత్తి పనికిరాదు, పట్టు రాదు. ముందు గట్టి బేస్ మైనం అడ్డంగా, నిలువుగా గీతలు గీసినట్టు, తర్వాత చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దితే గింజల్లా బొడిపెలు లేస్తాయి. ఆ బొడిపెల మీద పై మైనాన్ని తేలిగ్గా ఆడించండి. గట్టిగా నొక్కితే బొడిపెలు చదునైపోతాయి. నెలకోసారి మొత్తం గీకేసి కొత్తగా వేయాలి. బోర్డును ఎండలో ఆపిన కారులో వదిలితే మైనం కారడమే కాదు, లోపలి ఫోమ్ నుంచి పైపొర బుడగలా లేస్తుంది, దానికి మళ్ళీ రిపేరు లేనట్టే.

ఇంటికి రాగానే బోర్డు, తాడు, ఫిన్ల మరలు మంచినీళ్ళతో కడగండి. ఫిన్ మరలు నెలకోసారి విప్పి బిగించకపోతే ఉప్పుకు బిగుసుకుపోయి అలెన్ కీకి లొంగవు. బండి గొలుసుకూ ఇదే జబ్బు, నీళ్ళు చల్లి వారానికోసారి నూనె వేయాలి. చెవుల్లో నీళ్ళుంటే తల వంచి వదిలేయండి, దూదిపుల్లలు వద్దు.

పగులు పూడ్చడం

ఫైబర్ బోర్డుకు రాయి తగిలి చిన్న పగులు వచ్చినా ఆ రోజే నీళ్ళలోంచి బయటకు తేవాలి. ఫోమ్ నీళ్ళు పీలిస్తే బరువెక్కి, పసుపు రంగు తిరిగి, పైపొర ఊడిపోతుంది. పగులు కిందికి ఉండేలా నీడలో, గాలి తగిలేచోట మూడు నాలుగు రోజులు ఆరబెట్టండి. వానాకాలంలో వారం కూడా పడుతుంది. తడి ఉండగా పూస్తే లోపలే కుళ్ళుతుంది.

పూసే ముందు లోపల ఏ ఫోమ్ ఉందో తేల్చుకోండి. ఇపీఎస్ (థర్మోకోల్ రకం) ఫోమ్ అయితే ఎపాక్సీ రెసిన్ (ఆరితే గట్టిపడే జిగురు) మాత్రమే వాడాలి, పాలియెస్టర్ రెసిన్ తగిలితే ఆ ఫోమ్ కరిగి గుంట పడుతుంది. పీయూ (పాలియురెథేన్) ఫోమ్‌కు రెండూ పనికొస్తాయి. ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల ఫైబర్ పడవలు బాగుచేసేవాళ్ళ దగ్గర దొరికేది సాధారణంగా పాలియెస్టరే, అడిగి తెలుసుకుని తీసుకోండి. దానికి యాక్సిలరేటర్, క్యాటలిస్ట్ అని రెండు సీసాలు విడిగా ఇస్తారు. ఈ రెండింటినీ నేరుగా కలిపితే మంట లేచి పేలుతుంది. ముందు యాక్సిలరేటర్‌ను రెసిన్‌లో బాగా కలిపేసి, ఆ తర్వాతే క్యాటలిస్ట్ వేయాలి, అది రెసిన్ బరువులో 1 నుంచి 2 శాతం. గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి, మూసిన గదిలో వద్దు.

లేచిపోయిన పొరను కత్తితో తీసేసి, చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల మేర 80 నంబరు గరుకు కాగితంతో గీకండి. నున్నటి చోట రెసిన్ పట్టదు. గుంట లోతుగా ఉంటే రెసిన్‌లో మైక్రోబెలూన్ అనే తేలికైన పూడిక పొడి ముద్దగా కలిపి నింపి, గట్టిపడ్డాక చదును చేయండి. దాని మీద రెండు పొరల ఫైబర్‌గ్లాస్ బట్ట, రెండోది మొదటిదాని కన్నా వేలెడు వెడల్పుగా. బట్ట పారదర్శకం అయ్యేదాకా మాత్రమే రెసిన్ పట్టించండి, మిగిలింది తుడిచేయండి. ఎక్కువ పోస్తే బలం రాదు, పెళుసు వస్తుంది.

ఒకసారికి 50 గ్రాములకు మించి కలపొద్దు, వెడల్పాటి పళ్ళెంలో కలపండి. మే నెల వేడికి లోతైన గ్లాసులో కలిపిన రెసిన్ నిమిషాల్లో తనంతట తానే మరిగి పొగ కక్కుతుంది. ఎపాక్సీకి హార్డెనర్ పాళ్ళు డబ్బా మీద ఉన్నట్టే కొలిచి వేయాలి. తొందరగా ఆరాలని ఎక్కువ వేస్తే ఎప్పటికీ జిగటగానే ఉంటుంది. మర్నాడు 120, 220, 400 నంబర్ల వరుసలో గీకి, చివరిది నీళ్ళు పెట్టి రుద్దండి. ఎపాక్సీ పూర్తి బలం రావడానికి వారం దాకా పడుతుంది కాబట్టి ఆ వారం ఆ బోర్డును రాళ్ళ వైపు తీసుకెళ్ళకండి.